గెలిస్తే మనవాడు

2025 సెప్టెంబరు మొదటి వారమంతా ఢిల్లీలోని తెలుగువారి మధ్య ఒకే మాట నలిగింది: "మనవాడు". జూలై 21న జగదీప్ ధన్‌ఖడ్ రాజీనామాతో ఖాళీ అయిన ఉపరాష్ట్రపతి పదవికి ప్రతిపక్షాలు సుప్రీంకోర్టు మాజీ న్యాయమూర్తి జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డిని నిలబెట్టాయి. తెలుగువాడు నిలబడ్డాడు గనుక తెలుగు సభ్యులందరూ పార్టీలను పక్కకు నెట్టి ఆయనకు ఓటు వేయాలని తెలంగాణ ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి విజ్ఞప్తి చేశారు. తెలుగుదేశం, వై.ఎస్.ఆర్. కాంగ్రెస్, జనసేన పార్టీలు మాత్రం ప్రభుత్వపక్షం అభ్యర్థి సి.పి. రాధాకృష్ణన్‌కే మద్దతునిచ్చాయి. భారత రాష్ట్ర సమితి ఓటింగుకు దూరంగా నిలిచింది. సెప్టెంబరు 9న లెక్క తేలింది: 452, 300. మనవాడు ఓడిపోయాడు. మరునాటి నుంచి ఆ మాటే ఎవరి నోటా వినిపించలేదు.

ఎవరి కారణాలు వారికి ఉన్నాయి. ఓటు వేయడానికి భాష ఒక్కటే కొలబద్ద కావాలని నేననను. కాని ఆ వారంలో ఆ మాట చెవిని పడినప్పుడల్లా, అంతకు రెండు నెలల ముందు బిలాస్‌పూర్‌లో ఒక రైల్వే కుటుంబంతో కలిసి టెన్నిస్ చూసిన రాత్రి నాకు గుర్తుకు వస్తూ ఉండేది. ఉపరాష్ట్రపతి ఎన్నికకూ, వింబుల్డన్‌కూ ఏమిటి సంబంధమని పాఠకులు అడగవచ్చు. కొంచెం ఓపిక పట్టవలసిందిగా మనవి.

పార్లమెంటు వర్షాకాల సమావేశాలు జూలై 21న మొదలు కావలసి ఉన్నాయి. సమావేశాలకు ముందు వారం ఢిల్లీ విలేఖరికి ఊపిరి తీసుకునే వ్యవధి. ఎంతో కాలంగా రమ్మంటున్న ఒక పెద్దాయన పిలుపును మన్నించి బిలాస్‌పూర్ రైలెక్కాను. ఆయనను నేను బాబాయి అంటాను. రక్తసంబంధం లేదు. మా నాన్నగారు వాల్తేరులో ఇంజను డ్రైవరుగా ఉన్న రోజుల్లో ఆయన ఆ ఇంజను మీదనే ఫైర్‌మన్. రైల్వే కాలనీలలో పెరిగిన వారికి ఈ వరసలు ఎలా కలుస్తాయో వేరే చెప్పనక్కరలేదు. ఒకే ఇంజను బొగ్గు పొగ మింగినవారు అన్నదమ్ములు, వారి బిడ్డలు బిడ్డలు.

ఖరగ్‌పూర్‌ను గురించి ఎరిగినంతగా బిలాస్‌పూర్‌ను గురించి మన పాఠకులు ఎరుగరు. ఛత్తీస్‌గఢ్‌లో అర్పా నది ఒడ్డున ఉన్న ఈ ఊరిని ఊరిగా కాక పట్టణంగా చేసింది రైలు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే నాగపూర్ నుంచి తూర్పుగా దారి వేసుకుంటూ పోయినప్పుడు బిలాస్‌పూర్ ఒక ముఖ్య స్థావరమయింది. 1902లో వాల్తేరు నుంచి కటక్ దాకా ఉన్న తూర్పు తీరపు దారి కూడా ఆ కంపెనీ చేతికే వచ్చింది. 1931 నాటికి విజయనగరాన్ని రాయ్‌పూర్‌తో కలిపే దారి పూర్తయింది. ఆ పట్టాలు ఎక్కడికి పోతే మన ఉత్తరాంధ్ర కూలి అక్కడికి పోయాడు. ఖరగ్‌పూర్, చక్రధర్‌పూర్, బిలాస్‌పూర్ కాలనీలలో శ్రీకాకుళం, విజయనగరం మాండలికాలు నేటికీ వినిపించడానికి కారణం ఇదే. అనంతర కాలంలో రాష్ట్రపతి అయిన వి.వి. గిరి కార్మిక నాయకుడుగా పేరు తెచ్చుకున్నది ఈ బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికుల మధ్యనే. కంపెనీ పోయి ఆగ్నేయ రైల్వే వచ్చింది. 2003లో బిలాస్‌పూరే కేంద్రంగా ఆగ్నేయ మధ్య రైల్వే ఏర్పడింది. జోన్లు మారాయి గాని, కాలనీలో ఉగాది పచ్చడి మారలేదు.

బాబాయి తండ్రి 1952లో శ్రీకాకుళం జిల్లానుంచి బిలాస్‌పూర్ లోకో షెడ్డులో బొగ్గు ఎత్తే పనికి వచ్చాడు. చంకన ఏడాది పిల్లవాడు. ఆ పిల్లవాడే 1971లో క్లీనరుగా చేరి, కొంతకాలం వాల్తేరులో చేసి, తిరిగి బిలాస్‌పూర్ వచ్చి, 2011లో మెయిలు డ్రైవరుగా విరమించాడు. ఇప్పుడు తోర్వాలో చిన్న ఇల్లు. 1952 అన్న సంవత్సరాన్ని పాఠకులు జ్ఞాపకం ఉంచుకోవాలి. దానితో మనకు పని పడుతుంది.

జూలై 13, ఆదివారం. వింబుల్డన్ పురుషుల ఫైనలు మన కాలమానం ప్రకారం రాత్రి ఎనిమిదిన్నరకు. ఇటలీకి చెందిన యానిక్ సిన్నర్ ఒక వైపు, అంతకు ముందు రెండేళ్లూ వరుసగా గెలిచిన స్పెయిన్ యువకుడు కార్లోస్ అల్కరాజ్ మరొక వైపు. బయట వాన. ముందు గదిలో చాప మీద, కుర్చీలలో, గడప మీద కలిపి పదిహేను మంది దాకా చేరారు. ఇరుగు పొరుగు తెలుగువారు, ఒక బెంగాలీ గార్డు కుటుంబం, బాబాయి మనవడి మిత్రులైన ఇద్దరు ఛత్తీస్‌గఢీ కుర్రవాళ్లు. పళ్లెంలో జంతికలు. పిన్ని వంటింటి గుమ్మంలోనే నిలబడి, పాయింటు పోయినప్పుడల్లా "అయ్యో" అంటున్నది. ఎవరి పాయింటు పోయినా అంటున్నది. నా కంటికి ఆ గదిలో నిజమైన క్రీడాభిమాని ఆమెయే.

గదిలో అధికసంఖ్యాకులు అల్కరాజ్ పక్షం. వయసు తక్కువ, నవ్వు ఎక్కువ, ఆట చూడముచ్చట. మొదటి సెట్టును అతడు 6-4తో తీసుకున్నప్పుడు మనవడి మిత్రులు లేచి నిలబడి ఈలలు వేశారు. ప్రతిపక్షంలో మాత్రం బాబాయి ఒక్కడే కూర్చున్నాడు. ఎందుకని అడిగాను.

"పారిసులో ఏటయిందో చూసినావు గదా బాబూ. సేతికొచ్చింది జారిపోనాది. అలాటప్పుడు మనిషి మళ్లీ డ్యూటీకెక్కడం సిన్న పని కాదు."

ఆయన చెబుతున్నది జూన్ 8 నాటి ఫ్రెంచి ఓపెన్ ఫైనలు సంగతి. నాలుగో సెట్టులో మూడు ఛాంపియన్‌షిప్ పాయింట్లు చేతిలో ఉంచుకొని సిన్నర్ ఓడిపోయాడు. అయిదు గంటల ఇరవై తొమ్మిది నిమిషాల ఆట, ఆ టోర్నమెంటు చరిత్రలోనే అతి దీర్ఘమైన ఫైనలు. అటువంటి ఓటమి తర్వాత అయిదు వారాలకే అదే ప్రత్యర్థి ఎదుట నిలవవలసి వచ్చింది. నలభై ఏళ్లు ఇంజను నడిపిన మనిషి ఆటగాడిలో చూసింది చేతి వాటాన్ని కాదు, మరునాడు మళ్లీ పనిలోకి రావడాన్ని.

రెండో సెట్టు సిన్నర్ గెలిచాడు. మూడోదీ గెలిచాడు. గదిలో పక్షాలు కదలడం మొదలయింది. లోక్‌సభలో అవిశ్వాస తీర్మానాల రాత్రులు చూసినవాణ్ణి గనుక ఈ కదలిక నాకు తెలిసినదే. గుమ్మంలో నిలబడ్డవారు మొదట కదులుతారు, ముందు వరసవారు చివరన. నాలుగో సెట్టులో 4-3 వద్ద సిన్నర్ సర్వీసులో 15-40 అయినప్పుడు ఎవరూ మాట్లాడలేదు. రెండు బ్రేకు పాయింట్లనూ అతడు కాచుకున్నాడు. మరి కాసేపటికి 4-6, 6-4, 6-4, 6-4తో ఆట ముగిసింది. వింబుల్డన్ సింగిల్స్ గెలిచిన మొదటి ఇటాలియన్ అతడని వ్యాఖ్యాత ప్రకటించాడు.

అప్పుడు బాబాయి మనవరాలు ఒక మాట అన్నది. పద్దెనిమిదేళ్ల పిల్ల, టెన్నిస్ లెక్కలన్నీ నాలుక చివర ఉన్న పిల్ల, అల్కరాజ్ అభిమాని. "తాతా, నీ సిన్నర్ ఇంట్లో మాట్లాడేది ఇటాలియన్ కాదు తెలుసా? జర్మను." అది నిజమే. అతడు పుట్టి పెరిగిన దక్షిణ టైరోల్ మొదటి ప్రపంచ యుద్ధం దాకా ఆస్ట్రియా సామ్రాజ్యంలో ఉండి, తర్వాత ఇటలీకి దక్కిన కొండ ప్రాంతం. ఎక్కువ మంది మాతృభాష జర్మను.

బాబాయి పెద్దగా నవ్వాడు. "అయితే మనోడేనే!"

ఇంట్లో ఒక భాష, వీధిలో ఒక భాష, కాగితం మీద మరొక భాష గల మనిషి ఎక్కడ కనిపించినా బిలాస్‌పూర్ తెలుగువానికి బంధువే అవుతాడు. ఆ రాత్రి గదిలో ఈ మాటను ఎవరూ కాదనలేదు. అల్కరాజ్ పక్షం వారు కూడా నవ్వి ఊరుకున్నారు.

కుర్రవాళ్లు వెళ్లిపోయాక మాట సానియా మీదికి మళ్లింది. మన దేశస్థులు ఒక్కరూ లేని ఫైనలు చూసిన తర్వాత మళ్లక తప్పదు. 2005 జనవరిలో మెల్‌బోర్న్‌లో సానియా మిర్జా మూడో రౌండు దాకా వెళ్లి సెరీనా విలియమ్స్ చేతిలో 6-1, 6-4తో ఓడిన రోజున తాను గోందియా రన్నింగు రూములో ఉన్నానని బాబాయి చెప్పాడు. "ఓడిపోనాది. అయినా మిఠాయి తెప్పించి పంచినాం. రన్నింగు రూములో పంజాబీ వాడున్నాడు, బెంగాలీ వాడున్నాడు. ఓడిపోతే మిఠాయేటని నవ్వినారు. మా పిల్ల అక్కడి దాకా ఎల్లింది గదా అన్నాను."

మా పిల్ల. హైదరాబాదు ఉర్దూ ముస్లిం కుటుంబపు అమ్మాయికీ, శ్రీకాకుళం బొగ్గు కూలి కొడుకుకూ మధ్య ఏ చుట్టరికం? భాష కాదు, మతం కాదు, జిల్లా కాదు. నాటికి రాష్ట్రం ఒకటే అనవచ్చు. కాని బాబాయి ఆ రాష్ట్రంలో నివసించినది తన జీవితంలో నాలుగైదు సంవత్సరాలు. అయినా ఆ మాట అనడానికి ఆయన ఎవరి అనుమతీ అడగలేదు.

2015 జూలై 11 రాత్రిని గురించి పిన్ని చెప్పింది. సానియా, మార్టినా హింగిస్ జంట వింబుల్డన్ మహిళల డబుల్స్ ఫైనలులో రష్యా జంట మకరోవా, వెస్నినాలతో ఆడుతున్నది. మొదటి సెట్టు పోయింది. రెండోది టైబ్రేకులో దక్కింది. మూడో సెట్టులో 2-5తో వెనకబడ్డారు. ఇక అయిపోయిందని ఇరుగు పొరుగు లేచి వెళ్లిపోయారట. 5-5 అయింది. వెలుతురు తగ్గిందని కోర్టు మీద పైకప్పు మూసి దీపాలు వేశారు. ఇక్కడ అప్పటికి అర్ధరాత్రి దాటింది. పిన్ని వెళ్లి నాలుగు తలుపులు తట్టి నిద్రపోతున్న వారిని లేపుకొని వచ్చింది. 7-5. మహిళల డబుల్స్‌లో గ్రాండ్‌స్లామ్ గెలిచిన తొలి భారతీయ మహిళ సానియా. "ఆ రాత్రి టీ మూడుసార్లు పెట్టాను" అన్నది పిన్ని, నిన్నటి సంగతి చెప్పినట్టు.

ఆ విజయానికి సరిగ్గా ఏడాది ముందు జరిగిన సంగతి పాఠకులు మరచిపోయి ఉండరు. 2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడింది. జూలైలో కొత్త ప్రభుత్వం సానియాను రాష్ట్ర ప్రచారకర్తగా నియమించి కోటి రూపాయలు ఇచ్చింది. భారతీయ జనతా పార్టీ శాసనసభ్యుడు డాక్టర్ కె. లక్ష్మణ్ దీన్ని ఆక్షేపించారు. ఆమె పాకిస్తాన్ కోడలనీ, పుట్టింది మహారాష్ట్రలోననీ, హైదరాబాదులో తర్వాత స్థిరపడిన స్థానికేతరురాలనీ ఆయన వాదన. తాను పుట్టింది ముంబైలో అయినా మూడు వారాల పసికందుగా హైదరాబాదుకు వచ్చాననీ, తన పూర్వులు శతాబ్దానికి పైగా అక్కడివారనీ, చివరిదాకా తాను భారతీయురాలిననీ సానియా జవాబు చెప్పుకోవలసి వచ్చింది. తల్లి అనారోగ్యం వల్ల ప్రసవం ఎక్కడ జరిగిందో కూడా పత్రికలకు వివరించవలసి వచ్చింది. అప్పటికి ఆమె దేశానికి మూడు గ్రాండ్‌స్లామ్ మిక్సెడ్ డబుల్స్ టైటిళ్లలో రెండు తెచ్చి ఉన్నది. మూడోది ఆ సెప్టెంబరులోనే న్యూయార్క్‌లో తెచ్చింది.

ఆ మాటలు తాము కూడా విన్నామన్నాడు బాబాయి. "ఎక్కడో పుట్టింది, తరవాత వచ్చింది, ఇక్కడిది కాదు అన్నారు. ఆ పిల్లని అన్నట్టు లేదు బాబూ. మమ్మల్నే అన్నట్టుంది."

ఇది మన దేశానికే పరిమితమైన జబ్బు కాదు. 1990 ఏప్రిల్‌లో బ్రిటిష్ కన్సర్వేటివ్ నాయకుడు నార్మన్ టెబ్బిట్ తమ దేశంలోని ఆసియా వలసదారులకు ఒక పరీక్ష పెట్టాడు. క్రికెట్ మ్యాచి జరుగుతున్నప్పుడు వారు ఎవరి పక్షాన కేకలు వేస్తున్నారు? ఇంగ్లండు పక్షాన కాకుంటే వారింకా ఇంగ్లండు వారు కాలేదని తాత్పర్యం. స్కాట్లండ్ వాడైన ఆండీ మర్రే గెలిస్తే బ్రిటిషర్, ఓడితే స్కాట్ అని ఆ దేశంలో చాలాకాలం ఒక హాస్యోక్తి చెలామణి అయింది. 2013లో అతడు వింబుల్డన్ గెలిచి, 1936 నాటి ఫ్రెడ్ పెర్రీ తర్వాత మళ్లీ ఒక బ్రిటిషర్ గెలిచాడనిపించిన దాకా ఆ హాస్యం చల్లారలేదు. 2022లో ఉక్రెయిన్ యుద్ధం కారణంగా రష్యా, బెలారస్ ఆటగాళ్లను వింబుల్డన్ బహిష్కరించింది. ఆ ఏడు మహిళల టైటిలు గెలిచిన ఎలెనా రిబాకినా మాస్కోలో పుట్టి పెరిగి, 2018 నుంచి కజకిస్తాన్ తరఫున ఆడుతున్న యువతి. కాగితం మారింది గనుక కోర్టులోకి ప్రవేశం దొరికింది. మనిషి మారలేదు.

మన బాబాయి "మనోడేనే" అన్న సిన్నర్ గతి కూడా అంతే. 2025 అక్టోబరులో, డేవిస్ కప్పు చివరి పోటీలలో ఆడనని అతడు చెప్పగానే, ఇటలీలో పేరుమోసిన టెలివిజన్ పాత్రికేయుడు బ్రూనో వెస్పా ఒక ప్రశ్న వేశాడు. జర్మను మాట్లాడి, మాంటెకార్లోలో కాపురముండి, దేశం జట్టులో ఆడనన్న వాణ్ణి ఇటాలియనులు ఎందుకు అభిమానించాలి? జూలైలో దేశానికి మొదటి వింబుల్డన్ తెచ్చినవాడు అక్టోబరు నాటికి సంజాయిషీ చెప్పుకోవలసిన వాడయ్యాడు. నవంబరులో ట్యూరిన్‌లో అల్కరాజ్‌నే ఓడించి ఏడాది చివరి టైటిలు గెలిచినప్పుడు స్టేడియమంతా లేచి నిలబడింది. మళ్లీ మనవాడయ్యాడు.

ఇంతవరకు ఇది ఆటల ముచ్చటే. ఆ రాత్రి అందరూ వెళ్లిపోయిన తర్వాత మనవరాలు ఒక అట్ట సంచీ తెచ్చి నా ముందు పెట్టింది. ఢిల్లీ నుంచి వచ్చిన పత్రికా విలేఖరికి ఇటువంటి సంచీలు కొత్త కాదు. దానిలో రెండు కాగితాలు ముఖ్యమైనవి. ఒకటి, ఆమె ఛత్తీస్‌గఢ్ నివాసి అని రాష్ట్ర అధికారులు ఇచ్చిన ధ్రువపత్రం. రెండవది, షెడ్యూల్డు కులపు ధ్రువపత్రం కోసం పెట్టుకున్న దరఖాస్తును తిరస్కరిస్తూ వచ్చిన జవాబు. వారి కులం ఆంధ్రలో షెడ్యూల్డు కులం. ఇక్కడ ఆ పత్రం కావాలంటే, 1950 ఆగస్టు 10న రాష్ట్రపతి ఉత్తర్వు వెలువడిన నాటికి కుటుంబం ఇక్కడ నివాసమున్నట్టు రుజువు కావాలి. బాబాయి తండ్రి వచ్చింది 1952లో. రెండేళ్లు ఆలస్యంగా వచ్చాడు. ఆ ముందే వచ్చి ఉన్నా రైల్వే క్వార్టరులో ఉన్న కూలికి భూమి పట్టా ఎక్కడిది?

ఆ పిల్ల తన మాటల్లోనే చెప్పింది: "నేను ఇక్కడిదాన్నేనట బాబాయ్‌గారూ, నా కులం మాత్రం ఇక్కడిది కాదట."

పోనీ ఆంధ్రకు వెళ్లి చదవవచ్చు గదా అనుకోవచ్చు. 371-డి అధికరణం కింద వచ్చిన 1974 నాటి ఉత్తర్వు ప్రకారం అక్కడ స్థానిక అభ్యర్థి కావాలంటే అర్హత పరీక్ష దాకా వరుసగా నాలుగేళ్లు ఆ ప్రాంతంలో చదివి ఉండాలి. ఈమె ఒకటో తరగతి నుంచి బిలాస్‌పూర్‌లోనే చదివింది. అక్కడ కులం చెల్లుతుంది, మనిషి చెల్లదు. ఇక్కడ మనిషి చెల్లుతుంది, కులం చెల్లదు. రాష్ట్ర కోటాలో రిజర్వేషను సీటు రెండు చోట్లా దక్కలేదు. ఇప్పుడు ఊళ్లోనే బి.ఎస్‌సి. చదువుతున్నది.

ఈ నిబంధనలకు వెనుక న్యాయమైన ఆలోచన లేదని అనడం సరికాదు. టెబ్బిట్ తన క్రికెట్ పరీక్ష పెట్టిన మరుసటి నెలలోనే, 1990 మే 2న, మన సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం మర్రి చంద్రశేఖరరావు కేసులో తీర్పు చెప్పింది. ఆ పిటిషనరు కూడా మనవాడే. తెనాలిలో పుట్టి, తండ్రి ఉద్యోగరీత్యా చిన్నతనంలోనే బొంబాయి వెళ్లి, అక్కడే చదివి, వైద్య కళాశాలలో షెడ్యూల్డు తెగల సీటు అడిగాడు. ఆంధ్రలో అతనిది షెడ్యూల్డు తెగ, మహారాష్ట్రలో కాదు. రాజ్యాంగంలోని 341, 342 అధికరణాలు కులాలను, తెగలను ఆయా రాష్ట్రాలకు సంబంధించి గుర్తిస్తున్నాయి గనుక ఆ హోదా వలస వెంట రాదని ధర్మాసనం నిర్ణయించింది. ఒక చోట అణచివేతకు గురైన కులం మరొక చోట అదే స్థితిలో ఉండకపోవచ్చునని, బయటివారు వచ్చి పంచుకుంటే స్థానికుల వాటా తరుగుతుందని న్యాయమూర్తులు భావించారు. ఛత్తీస్‌గఢ్‌లోని సతనామీలు తమ సీటును బయటి నుంచి వచ్చినవారితో పంచుకోవడానికి సందేహిస్తే వారిని తప్పుపట్టగల అధికారం మనకు లేదు. 2018లో మరొక రాజ్యాంగ ధర్మాసనం కూడా ఈ సూత్రాన్నే నిలబెట్టింది.

అయితే 1990 నాటి తీర్పులో ఇంకొక మాట ఉన్నది. దానిని మన సభ్యులు ఎక్కువగా చదివినట్టు తోచదు. తమ ఇష్టప్రకారం కాక, ఉద్యోగరీత్యానో పరిస్థితుల బలవంతం వల్లనో రాష్ట్రం మారిన షెడ్యూల్డు కులాల, తెగల వారిని గురించి తగిన శాసనం చేసే విషయాన్ని పార్లమెంటు ఆలోచించవచ్చునని న్యాయస్థానమే సూచించింది. ముప్పయి అయిదేళ్లు గడిచాయి. ఆ వాక్యం అక్కడే ఉన్నది. బాబాయి మనవరాలి కాగితాలూ ఆ సంచీలోనే ఉన్నాయి.

స్థానికత విషయంలో పార్లమెంటు అసలు శాసనమే చేయలేదనుకుంటే పొరపాటు. ఒకటి చేసింది, తన కోసం. రాజ్యసభకు ఒక రాష్ట్రం నుంచి ఎన్నిక కావాలంటే ఆ రాష్ట్రంలో ఓటరుగా ఉండాలన్న నిబంధన వెనుక ఉండేది. దానిని నెరవేర్చడానికి ఢిల్లీ నాయకులు ఏయే ఊళ్లలో అద్దె ఇళ్ల చిరునామాలు చూపారో ఈ లేఖలు చదివేవారికి తెలుసు. 2003లో ఆ నిబంధనను సవరించి, దేశంలో ఎక్కడ ఓటరు అయినా ఏ రాష్ట్రం నుంచి అయినా రాజ్యసభకు రావచ్చునన్నారు. 2006లో కులదీప్ నయ్యర్ కేసులో సుప్రీంకోర్టు ఆ సవరణను ఆమోదించింది. దాని ఫలితంగానే 2022లో డాక్టర్ కె. లక్ష్మణ్ ఉత్తరప్రదేశ్ నుంచి రాజ్యసభకు ఎన్నికయ్యారు. సానియాను స్థానికేతరురాలన్న లక్ష్మణ్‌గారే వీరు. ఇందులో చట్టవిరుద్ధమైనది ఏమీ లేదు. ఆయన ఎన్నికను నేను తప్పుపట్టడం లేదు. రాష్ట్రం హద్దు దాటి వచ్చిన నాయకునికి తలుపు తెరవడానికి ఒక సవరణ చాలింది. హద్దు దాటి వచ్చిన బొగ్గు కూలి మునిమనవరాలి విషయం కనీసం చర్చకైనా రాలేదు. నా ఫిర్యాదల్లా ఈ తేడాను గురించే.

శాసనం అంటే అందరికీ అన్ని చోట్లా అన్ని సీట్లూ ఇవ్వడం కానవసరం లేదు. కేంద్ర ప్రభుత్వమే ఉద్యోగమిచ్చి తీసుకువచ్చి, మూడు తరాలు ఒకే చోట ఉంచిన కుటుంబాల పిల్లలకు, స్థానికుల వాటా తగ్గకుండా, అదనంగా కొన్ని సీట్లు ఏర్పాటు చేయడం సాధ్యమా? సాధ్యం కాకుంటే కారణం ఏమిటి? ఈ ప్రశ్నలు సభలో వేయడానికి తెలుగు సభ్యులు పార్టీలను పక్కకు పెట్టనవసరం కూడా లేదు. సెప్టెంబరులో మనవాడు, మనవాడు అని అంతగా తల్లడిల్లిన వారు, బిలాస్‌పూర్‌లో, ఖరగ్‌పూర్‌లో ఉన్న మనవారిని గురించి ఒక ప్రశ్న రాసి ఇస్తే చాలు.

మరునాడు సాయంత్రం బాబాయి నన్ను స్టేషనుకు దిగబెట్టాడు. మనవరాలు కూడా వచ్చింది. ప్లాట్‌ఫారం మీద ఉన్న పుస్తకాల దుకాణంలో రైల్వే నియామక పరీక్షల గైడు ఒకటి కొనుక్కున్నది. కేంద్ర ప్రభుత్వోద్యోగానికి మాత్రం తాత శ్రీకాకుళం నుంచి తెచ్చుకున్న కుల పత్రం ఆధారంగా ఇచ్చే పత్రం చెల్లుతుంది. రెండు రాష్ట్రాలు తమది కాదన్న పిల్లను తమది అనడానికి సిద్ధంగా ఉన్నది ఇప్పటికీ ఆ రైల్వే ఒక్కటే.

రైలు కదలబోతుండగా ఆమె కిటికీ దగ్గరకు వచ్చి, ఆగస్టు చివర న్యూయార్క్‌లో అమెరికన్ ఓపెన్ ఉందనీ, అల్కరాజ్ ఈసారి తాత సంగతి చూస్తాడనీ చెప్పింది. సెప్టెంబరు 7న అల్కరాజ్ సిన్నర్‌ను నాలుగు సెట్లలో ఓడించాడు. బాబాయికి టెలిఫోను చేశాను. "ఓడినాడు గాని మనోడే బాబూ" అన్నాడు. రెండు రోజుల తర్వాత ఉపరాష్ట్రపతి ఎన్నిక ఫలితం వచ్చింది.